పరుపుల కొట్టు కింద తుప్పు

మా చిన్నాన్న పరుపులు మోస్తాడు. పందొమ్మిదేళ్ళుగా అదే కొట్టు, అదే పని. డబుల్ కాట్ పరుపును నెత్తిన పెట్టుకుని మూడంతస్తులు ఎక్కి, ఎక్కడ వేయమంటారని మామూలు గొంతుతో అడుగుతాడు. ఈ సంగతి ఆయన్ని ఎరిగిన వాళ్ళందరికీ తెలుసు. ఆయన చెవులు చిల్లులు పడేలా మోగే త్రాష్ మెటల్ బ్యాండులో డ్రమ్స్ వాయిస్తాడని మాత్రం పదిమందికి మించి తెలియదు. ఆ పదిమందిలో ముగ్గురు బ్యాండులోవాళ్ళే.

బ్యాండు పేరు తుప్పు. గిటారు వాయించేది లిఫ్ట్ మెకానిక్. పాటలు రాసేదీ ఆయనే. చావు మీద, యుద్ధాల మీద రాసి చూశాడు గానీ, ఆయనకు నిజంగా తెలిసిన భయం నాలుగో అంతస్తుకీ ఐదో అంతస్తుకీ మధ్య ఆగిపోయిన లిఫ్టు ఒక్కటే. దాని మీద రాసిన పాటే వాళ్ళ పాటలన్నిట్లోకీ మంచిది. పాడేది బస్టాండులో మైకు ముందు కూర్చునే అనౌన్సర్. ఆయన అరిచే మాటల్లో ఒక్కటీ అర్థం కాదు. బస్టాండులోనూ అంతే కాబట్టి ఎవరూ ఏమీ అనుకోరు. బేస్ గిటారు పిన్ని తమ్ముడిది. అతను మాట్లాడడు. వాయించినా వినబడదు.

పెళ్ళిళ్ళు కాకముందు మొదలుపెట్టిన బ్యాండు అది. మొదట ఒక అద్దెగదిలో వాయించారు, ఖాళీ చేయించారు. తర్వాత ఒక కారు షెడ్డులో వాయించారు, అక్కడా అంతే. చివరికి మా పరుపుల కొట్టు ఓనరు కొట్టు కింద గది ఇచ్చాడు. పాత స్పాంజి, అమ్ముడుపోని పరుపులు పడేసే గది. ఒకటే షరతు పెట్టాడు.

"పైన పరుపులు కుట్టే మిషన్ నడుస్తున్నప్పుడే వాయించుకోండి. దాని మోతకి వీధి అలవాటుపడిపోయింది. ఆ మోతలో మీ మోత కలిసిపోవాలి. అది ఆగిందా, మీరూ నోరు మూసుకోవాలి."

ఆ మిషన్‌కు ఇరవై సూదులు. అన్నీ ఒక్కసారే దిగి, ఒక్కసారే లేస్తాయి. దిగినప్పుడల్లా నేల అదురుతుంది. ముందు అమ్మ దాన్ని నడిపేది. అమ్మకు నడుం పట్టేశాక నేను తొమ్మిదో తరగతి మానేసి వచ్చి కూర్చున్నాను, ఏడేళ్ళయింది. "వేగం తిప్పే మర ఏడు మీద ఉంటుంది. దాని జోలికి పోకు," అని అమ్మ చెప్పింది. నేను పోలేదు. బ్యాండు వాళ్ళకు తీరికయ్యేది మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండు దాకా. అందుకని నేను పన్నెండింటికే అన్నం తినేసి, అందరూ తినే వేళకు మిషన్ నడుపుతాను.

ఒకసారి బెల్టు వదులై మిషన్ రోజంతా ఈడ్చుకుంటూ నడిచింది. ఆ మధ్యాహ్నం కింద పాటలు కూడా ఈడ్చాయి. "ఏంట్రా ఇవాళ, తద్దినం పెడుతున్నట్టుంది," అని అనౌన్సర్ విసుక్కోవడం మెట్ల దాకా వినిపించింది. బెల్టు మార్చిన మర్నాడు పాటలు మళ్ళీ దారిలో పడ్డాయి. నేను గమనించాను, ఊరుకున్నాను. నన్నెవరూ అడగలేదు కదా.

బ్యాండు పెట్టిన పందొమ్మిదో ఏట మొదటిసారి వాళ్ళను బయటికి పిలిచారు. లారీ డ్రైవర్ల సంఘం హాల్లో మెకానిక్ లిఫ్టు బాగుచేసినందుకు, ఆదివారం సాయంత్రం నాలుగింటి కార్యక్రమంలో ఇరవై నిమిషాలు ఇచ్చారు. అయిదు పాటలు. పిన్ని ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చింది. "మా ఆయన సంగీతం నేర్చుకున్నాడని మా అమ్మతో గొప్పగా చెప్పాను. వినిపించమంటుందేమోనని ఇన్నాళ్ళూ తప్పించుకు తిరిగాను. ఇవాళ తేలిపోతుంది," అంది నాతో.

తేలిపోయింది. ఇరవై నిమిషాల కార్యక్రమాన్ని కట్టె, కొట్టె, తెచ్చె అన్నట్టు పదకొండు నిమిషాల్లో ముగించారు. పాటపాటకీ వేగం పెరిగిపోయింది. లిఫ్టు పాటలో అనౌన్సర్ ఇంకా నాలుగో అంతస్తులో ఉండగానే మిగతా ముగ్గురూ కిందికి దిగిపోయారు. వాచ్‌మన్ వచ్చి మర్యాదగా అడిగాడు. "టెస్టింగ్ అయిపోయిందాండీ? ఇక మొదలుపెడతారా?"

వ్యానులో తిరిగి వస్తుంటే మెకానిక్ మొదలుపెట్టాడు.

"కుక్క తరిమినట్టు ఆ పరుగేంట్రా?"

"మీరు పరిగెత్తలేదా?" అన్నాడు చిన్నాన్న.

"డ్రమ్మరు పరిగెడితే మేం నిలబడతామా?"

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నీ మాట," అని అనౌన్సర్ అడ్డుపడ్డాడు.

చిన్నాన్న కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నాడు. "లేదులే. ఈసారి మద్దెలదే తప్పు."

ఇంకో పన్నెండు రోజులకు అదే హాల్లో మళ్ళీ ఖాళీ ఉందన్నారు. మెకానిక్ ఒక డబ్బా తెచ్చాడు. మీటలు నొక్కితే అదే డ్రమ్స్ వాయిస్తుందట. "ఇది పరిగెత్తదు, అలగదు, పెళ్ళాం పిలిచిందని మధ్యలో లేచిపోదు. నువ్వు మాతోనే ఉండు. సామాను మోయడంలో నీ అంతవాడు లేడు," అన్నాడు. ఆ చివరి మాట ఆయన మంచికే అన్నాడు. చిన్నాన్న డ్రమ్స్ వెనక స్టూలు మీంచి లేచి, ఒక పాత పరుపు మీద కూర్చున్నాడు. ఆ స్టూలు మీద డబ్బాను పెట్టారు.

మర్నాడు ఒంటిగంటకు నేను మిషన్ వేశాను. కింద డబ్బాతో పాట అందుకున్నారు. మొదటిసారి ఆ మర మీద చెయ్యి వేసి, ఏడు నుంచి అయిదుకు తిప్పాను.

"ఈ డబ్బా పరిగెడుతోందేంట్రా?" మెకానిక్ గొంతు.

తొమ్మిదికి తిప్పాను.

"ఇప్పుడు ఈడుస్తోంది. కొత్తదే, అప్పుడే పాడైపోయిందా?"

మిషన్ ఆపేశాను. చీకట్లో మెట్టు ఉందనుకుని కాలు వేసినవాడిలా గిటారు తూలిపోయింది. డబ్బా ఒక్కటే ఎవరినీ పట్టించుకోకుండా కొట్టుకుపోతోంది.

నేను మెట్లు దిగి, సగంలో ఆగాను. చెప్పాల్సింది ఒక్క ముక్క. దాన్ని మూడుసార్లు మొదలుపెట్టాను. "మీరు... పైన మిషన్‌తో పాటు... మీరందరూ దాని వెంటే వాయిస్తున్నారు. హాల్లో మిషన్ లేదు."

మెకానిక్ నన్ను పైకి పంపి మర తిప్పించాడు. పైకప్పుకు అరచెయ్యి ఆనించి, లిఫ్టు తాడును చూసినట్టు చాలాసేపు చూశాడట. తర్వాత డబ్బా ప్లగ్గు పీకేశాడు.

నేను మళ్ళీ దిగి వచ్చేసరికి చిన్నాన్న పరుపు మీదే ఉన్నాడు. ఆయన సంతోషిస్తాడనుకున్నాను.

"అంటే ఇన్నేళ్ళూ డ్రమ్స్ వాయించింది మీ అమ్మ. ఆ తర్వాత నువ్వు. నేను ఊరికే కర్రలు ఆడించాను," అన్నాడు.

"పోనీ మిషన్నే హాలుకి తీసుకెళ్దామా?" అన్నాడు అనౌన్సర్.

"దాన్ని నేలకి బిగించారు చిన్నాన్నా," అన్నాను. అనౌన్సర్‌ను కూడా నేను చిన్నాన్న అనే పిలుస్తాను.

"వద్దు," అని చిన్నాన్న లేచాడు. "అమ్మడూ, రేపట్నుంచి ఒంటిగంటకి మిషన్ ఆపెయ్."

ఓనరు తల పట్టుకున్నాడు. అనుకున్నట్టే మర్నాడు ఒంటిగంటంబావుకు పక్కింటి పళ్ళ డాక్టరు వచ్చాడు. చేతికి తొడుగులు కూడా తీయలేదు. చిన్నాన్న కర్రలు దించి నిలబడ్డాడు.

"ఇన్నాళ్ళూ మీ మిషన్ బేరింగు పోయిందనుకున్నానే, ఇదా సంగతి!"

"తప్పయిపోయింది డాక్టరుగారూ, ఆపేస్తాం."

"ఆపితే చంపేస్తాను. ఒంటిగంట తర్వాత నా పేషంట్లకి డ్రిల్లు చప్పుడు వినబడదు. నోరు తెరవమంటే హాయిగా తెరుస్తారు. ఇవాళ చప్పుడు తగ్గిందేంటా అని చూడటానికొచ్చాను."

మిగిలిన పది రోజులూ చిన్నాన్న లెక్కపెట్టాడు. పరుపు మోస్తూ మెట్లు లెక్కపెట్టాడు, అన్నం తింటూ ముద్దలు లెక్కపెట్టాడు. "పలకరిస్తే నాలుగు లెక్కపెట్టి అప్పుడు బదులిస్తున్నాడమ్మా," అని పిన్ని మొత్తుకుంది. కింద పాటలు ఒక రోజు పరిగెత్తాయి, ఒక రోజు కుంటుతూ నడిచాయి. మెకానిక్ డబ్బాను ఇంటికి తీసుకుపోలేదు. హాలుకు వెళ్ళే రోజు వ్యానులో అదీ ఎక్కింది. తడబడితే రెండో పాట నుంచి డబ్బాయే వాయిస్తుందని ముందే చెప్పాడు.

హాల్లో నలభై మంది దాకా ఉన్నారు. నేను ముందు వరుసలోనే నిలబడ్డాను. స్టూలు మీద కూర్చున్న చిన్నాన్న జనంలో వెతికి, నన్ను చూసి, నా కాళ్ళ వైపు చూశాడు. ఏడు మీద వేగం ఎంతో నా కాలికి నిద్రలో కూడా తెలుసు. ఒక్కసారి మడమ ఆడిస్తే చాలు, ఆయన పట్టుకుంటాడు. నేను రెండు కాళ్ళూ దగ్గరగా పెట్టుకుని, కదలకుండా నిలబడ్డాను.

ఆయన తల వంచుకుని, పెదవులు కదిలిస్తూ నాలుగు లెక్కపెట్టి మొదలుపెట్టాడు. అది ఏడు కాదు. ఆరుకీ ఏడుకీ మధ్య ఎక్కడో ఉంది. మెకానిక్ వెనక్కి తిరిగి గుడ్లురిమాడు. చిన్నాన్న తలెత్తలేదు, వేగం మార్చలేదు. కాసేపు గిటారు ముందుకు లాగింది, తర్వాత అలిసిపోయి ఆయన వెంట నడిచింది. ఆ నడకలో పాట మునుపటికన్నా బరువుగా ఉంది. అనౌన్సర్ అరుస్తున్న మాటల్లో రెండు మూడు నాకు అర్థమయ్యాయి కూడా.

మొదటి పాట అయిపోయింది. మెకానిక్ డబ్బా దగ్గరికి వెళ్ళి వంగాడు. దాన్ని తీసి తెర వెనక పెట్టి వచ్చి, చిన్నాన్న వైపు తిరిగాడు.

"కానీరా. లెక్కపెట్టు."