కృష్ణమ్మ మా మిల్లుకొచ్చిన రోజు

మిర్యాలగూడలో మా మ్యూజియం తలుపు తీయగానే తవుడు వాసన, దాని వెనకాలే చింతగింజల జిగురు వాసన వస్తాయి. ఈ భవనం ఒకప్పుడు రైస్‌మిల్లు. లోపలున్నవి ఆ జిగురుతో బిగించిన బట్టలపై వేసిన కథల పటాలు. రెండు వాసనలూ కలిస్తే సుశీల టీచర్ ఎదురొచ్చినట్టే ఉంటుంది నాకు. ప్రపంచంలో ఇంతకన్నా గొప్ప మ్యూజియంలు ఒకటో రెండో ఉన్నాయంటారు. నేను చూడలేదు కనుక ఒప్పుకోను.

సూర్యాపేట బడిలో ఆవిడ డ్రాయింగు, నేను లెక్కలు చెప్పేవాళ్ళం. తలుపు ఊడిన బీరువాలో ఒక్క కొయ్యబొమ్మతో మొదలైన ఆవిడ సేకరణ స్టాఫ్ రూమంతా పాకి, హెడ్మాస్టరు కుర్చీని వరండాలోకి నెట్టింది. అక్కణ్ణుంచి కోదాడలో వాళ్ళన్నయ్య ఎరువుల గోదాముకు, అదీ చాలక మూతపడ్డ ఈ మిల్లుకు చేరింది. స్కూటరున్న పాపానికి రవాణా శాఖ మొత్తం నేనే. ఒకసారి మట్టిగుర్రాన్ని వెనక సీటుపై కట్టుకొస్తుంటే నేరేడుచర్లలో షేర్ ఆటోలన్నీ ఆగి మాకు దండం పెట్టాయి.

ప్రారంభోత్సవం దగ్గర పడ్డా పెద్ద గోడ మాత్రం ఖాళీగానే ఉంది. అది తిరుమలగిరి మల్లయ్య తాత పటానిదనేవారు టీచర్. తాత ఊరూరా పటం విప్పి కథ చెప్పేవాడు. విప్పితే అది విజయవాడ దాకా పరుచుకుంటుందని నా అంచనా. కాని పటం కథలు చెప్పేవాళ్ళలో ఒక ఆనవాయితీ ఉంది: కొత్త పటం రాగానే పాతదాన్ని పూజించి నదిలో కలిపేస్తారు. మేం వెళ్ళేసరికి తాత దాన్ని పసుపుగుడ్డలో చుట్టేసి, మర్నాడు పొద్దున్నే కృష్ణ ఒడ్డున ఉన్న వాడపల్లికి బయల్దేరడానికి సిద్ధంగా ఉన్నాడు. అంత పాత పటం చుట్టుపక్కల మరొకటి లేదు.

"ముసలిదైన పటం గంగకు పోవాలె బిడ్డా. నీ అద్దాల అర్రల పెడితే దేవుళ్ళు ఊకుంటరా?"

"మా మ్యూజియం గుడి లెక్కనే తాతా," అని నేను కల్పించుకున్నాను.

"గుడైతే పూజారెవరు, నువ్వా? పొద్దుగాల తానం జేసినవా?"

చేయలేదు.

టీచర్ చాయ్ గ్లాసు కింద పెట్టారు. "పటమే గంగ దగ్గరికి పోవాలా తాతా? గంగే దాని దగ్గరికొస్తే?"

"గంగెట్ల వస్తది?"

"భగీరథుడి వెంట రాలేదా? మీరే కదండీ చెప్పింది, మా బడిలో!"

తాత మీసం సవరించుకుని పకపకా నవ్వాడు. "నా కథతోనే నన్ను పట్టినవ్ గదా టీచరమ్మా! తే మరి. నా చేత్తోనే కలుపుత."

మర్నాడు వాడపల్లిలో బిందె నింపి, దామరచర్ల మీదుగా స్కూటర్‌పై కృష్ణమ్మను తెచ్చాను. భగీరథుడికి తపస్సే గాని గుంతల రోడ్డు లేదు. సగం గంగ నా ప్యాంటుపైనే అవతరించింది.

ప్రారంభోత్సవం నాడు తాత పెద్ద గోడకు వేలాడదీసిన పటం కింది కొయ్యకు ఆ నీళ్ళు తాకించి, బిందెను దాని పాదాల దగ్గర పెట్టి, మిల్లు రేకులు లేచిపోయేలా పాట ఎత్తుకున్నాడు. పాట అయ్యాక జనంవైపు తిరిగి, "ఇగ ఇది గంగల కలిసినట్టే!" అని ప్రకటించాడు. చప్పట్లకు ఎన్నేళ్ళ నాటి తవుడో మా నెత్తిన రాలింది. అప్పట్నుంచి నదికి పోవాల్సిన పటాలన్నీ మా దారి పట్టాయి. ఇప్పుడు మాకు గోడలే తక్కువ.

ఇప్పుడు టీచర్ లేరు. ఎవరి వస్తువైనా అడిగే ముందు, ఆ వస్తువుకేం కావాలో కనుక్కోవడం ఆవిడ నేర్పిన లెక్క. మరో పటం వచ్చినప్పుడల్లా నీళ్ళకు వాడపల్లికి నేనే వెళ్తాను. స్కూటర్ పోయి కారొచ్చింది. మా ఆవిడ వెనక కూర్చుంటుంది. ముందు సీటు బిందెది, బెల్టుతో సహా.