బతికున్న అమ్మకు దండ

ఆ బంతిపూల దండ తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

రెండో ప్రపంచ యుద్ధం రాకముందు మాట. జర్మనీలో చదివి వచ్చిన ఇంజనీరు ఒకాయన వనపర్తిలో చిత్రకళా సమాజం పెట్టాడు. ఆ దేశంలో చిన్నచిన్న ఊళ్ళలో కూడా అలాంటి సమాజాలుంటాయట, వాటికి బొమ్మలు పెట్టే హాళ్ళుంటాయట, జనం చప్పుడు చేయకుండా తిరిగి చూస్తారట. "మనమేం తక్కువ తిన్నమా?" అంటూ పల్లికాయల గోదాము ఒకటి కిరాయికి తీసుకుని సున్నం కొట్టించాడు. అందులో పెట్టడానికి నేను మా అమ్మ బొమ్మ వేశాను.

ఒప్పుకోవడానికి అమ్మ ఎంత సతాయించిందో. గోపాల్‌పేటలో మా ఇంటి అరుగు మీద కూర్చోమంటే, "వద్దు బిడ్డా, బొమ్మ గీస్తె ఆయుష్షు తగ్గుతదంట" అనేది. ఏమీ కాదని ఒట్టేసి కూర్చోబెట్టాను. పోనుపోను తనకే ముచ్చటేసింది. హాలు తెరిచిన రోజు బండి కట్టించుకుని, పెట్టెలో దాచుకున్న గద్వాల చీర కట్టుకుని మరీ వచ్చింది.

నేను ఆ చివర తాసీల్దారుకు బొమ్మలు చూపిస్తున్నాను. వెనక్కి తిరిగి చూద్దును గదా, అమ్మ తన బొమ్మ ముందు నిలబడి ఉంది. బొమ్మకు దండ. కింద ఊదుబత్తి. పక్కన ఇద్దరు ఆడవాళ్ళు, "పాపం, ఎప్పుడు పోయిందో" అనుకుంటున్నారు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వింటోంది.

దండ లాగి అవతల పారేశాను. వేసినవాడు సమాజం కార్యదర్శి. అతిథుల కోసం తెచ్చిన వాటిలో ఒకటి మిగిలిందట.

"బతికున్నోళ్ళ బొమ్మ గింత పెద్దగ గోడకెవరు పెడ్తరు సారూ? పోయినామె అనుకున్న" అన్నాడు.

అడగడానికి నీకు నోరు లేదా అని అందరి ముందే అరిచాను. ఇంజనీరు వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు.

"జర ఊకోండి. గిట్లయితె ఆయుష్షు పెరుగుతదంటరు గద" అని నవ్వాడు.

నవ్వాడండీ. బొమ్మ కింద అది ఎవరి బొమ్మో రాయిద్దామని నేను ముందే అడిగితే, జర్మనీలో అట్ల రాయరని కొట్టిపారేసిన పెద్దమనిషి. ఆ రోజు చెయ్యి చేసుకోకుండా ఎలా ఆగానో నాకే తెలియదు.

అమ్మ నేరుగా బయటికి వచ్చి బండి ఎక్కింది. నేను వెంట పరుగెత్తి, బొమ్మ రేపే ఇంటికి తెస్తానని, మంచి చోట పెడదామని చెప్పాను.

"తేకు బిడ్డా. ఆమె పోయిందంట గద. నేనుండంగ ఆమె ఇంట్లకెందుకు?" అని, బండి తోలమంది.