బోరు మోటార్ల నడుమ ఒక కంప్యూటర్ తరగతి: గద్వాల నుండి నాగర్‌కర్నూల్ దాకా

ముందుగా నా తెలుగు పేదరికానికి పాఠకులు నన్ను మన్నించాలి. నేను పగలు చేనేత సంఘంలో పని చేసుకుంటూ, రాత్రి బడిలో అక్షరాలతో మొదలుపెట్టి, నలభై దాటిన తరువాత డిగ్రీ పూర్తి చేసినవాణ్ణి. సొగసుగా రాయడం నాకు చేతకాదు. చూసినదాన్ని చూసినట్టు రాయడం మాత్రం వచ్చు. ఆ మేరకు గర్వం కూడా ఉంది. గద్వాలలో మా వాడ ప్రాథమిక పాఠశాలకు త్వరలో ఒక కంప్యూటరు మంజూరు కానున్నదని తెలిసింది. బడి కమిటీలో నేనొక సభ్యుణ్ణి. మూడో తరగతి, నాలుగో తరగతి పిల్లలకు ఆ యంత్రంతో పాఠం ఎలా చెబుతారో మా కమిటీలో ఒక్కరికీ తెలియదు. వనపర్తి దాటి బిజినేపల్లికి పోయే దారిలో ఒక చిన్న ఊరి బడిలో ఏడాదిగా సీడీ పాఠాలు నడుస్తున్నాయని విని, కళ్లారా చూసి రావాలని ఈ డిసెంబరులో బయలుదేరాను.

గద్వాల బస్టాండులో ఉదయం ఆరున్నరకు ఆర్డినరీ బస్సు ఎక్కాను. ఎర్రవల్లి చౌరస్తా మీదుగా, బీచుపల్లి దగ్గర కృష్ణను దాటి, పెబ్బేరు గుండా వనపర్తి చేరడానికి దాదాపు రెండు గంటలు పట్టింది. టికెట్టు పాతిక రూపాయల లోపే. నది మీద చలిగాలి గట్టిగా వీస్తుంది కనుక కిటికీ పక్క సీటు కోరుకునేవారు కండువా తెచ్చుకోవడం మేలు. వనపర్తి బస్టాండు ఎదుట ఇడ్లీ తిని, బిజినేపల్లి వైపు పోయే షేర్ ఆటో మాట్లాడుకున్నాను. డ్రైవరు పేరు ఖాజా. ఊరి పేరు చెప్పగానే నన్ను పైనుండి కిందికి చూశాడు.

"సంచి జెండా బడికా సార్?"

"సంచి జెండా ఏమిటి?"

"చూస్తె ఎర్కైతది. నేను చెప్తె మీరు నమ్మరు. అవు సార్, మీరు ఆఫీసరా?"

కాదన్నాను.

"మంచిదైంది. ఇయ్యాల అసలు ఆఫీసరు వస్తుండంట. ఇద్దరొస్తె టీచరమ్మ పరేషానైతుండె."

రోడ్డు మీద దిగి కొంత దూరం నడిస్తే బడి వస్తుంది. రెండు గదులు, ఒక వరండా. చుట్టూ పచ్చగా పల్లి చేన్లు. టీచరు పేరు షహనాజ్ బేగం. నేను వచ్చిన పని చెప్పుకోగానే కుర్చీ వేయించి, చాయ్ తెప్పించి, తరగతి చూడమన్నారు. బడిలో ఉన్నది ఒకే కంప్యూటరు. పిల్లలు నలభై మందికి పైనే. అందుకని ఆమె వరండా నేల మీద సున్నంతో పెద్ద కీబోర్డు గీయించారు. వంతు రాని పిల్లలు దాని మీద గెంతుతూ అక్షరాలు నేర్చుకుంటారు. వంతు వచ్చినవారు నలుగురు నలుగురుగా తెర ముందు కూర్చుంటారు. ఒకరు మౌస్ పట్టుకుంటారు, ఒకరు తెర మీది మాటలు పైకి చదువుతారు, ఒకరు పలక మీద లెక్క వేస్తారు, నాలుగోవారు అది సరిగా ఉందో లేదో చూస్తారు. ఇంత పొందికైన ఏర్పాటును నేను పెద్ద పాఠశాలల్లో కూడా చూడలేదు.

అయితే అసలు ఇబ్బంది కరెంటు. బడికీ, చుట్టూ ఉన్న ఏడు బోరు మోటార్లకూ ఒకటే ట్రాన్స్‌ఫార్మర్. మోటార్లన్నీ ఒక్కసారి నడిస్తే వోల్టేజీ పడిపోయి కంప్యూటరు ఆగిపోతుంది. స్టెబిలైజరు తట్టుకోలేదు. దానికి ఆ ఊరివారు ఒక పద్ధతి పెట్టుకున్నారు. కంప్యూటర్ తరగతి మొదలయ్యే ముందు బడి కప్పు మీద, కర్రకు కట్టిన ఖాళీ యూరియా సంచిని నిలబెడతారు. అది కనబడితే చేన్లలోని రైతులు తమ మోటార్లు ఆపుతారు. సంచి దించగానే మళ్లీ వేసుకుంటారు. ఖాజా చెప్పిన జెండా అదే.

ఆనాడు మాత్రం ఆ కర్ర వరండాలో గోడకు ఆనించే ఉంది. కారణం అడిగాను. ఆ వారం మోటార్లు నడిచే త్రీ ఫేజ్ కరెంటు పొద్దున కొన్ని గంటలే ఇస్తున్నారు. బడి వెనుక చేను కౌలుకు చేస్తున్న బాలమ్మ మోటారు కాలిపోయి, బాగై ముందు రోజే వచ్చింది. పల్లి చెట్టుకు కాయ కట్టే ఊడలు నేలలోకి దిగే సమయం. ఆ పూట తడి అందకపోతే పంట చేతికి రాదు. ఇటు మండల విద్యాధికారి ఆ పూటే వస్తున్నారు. పక్కనున్న పెద్ద ఊరి బడికి సొంత ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. ఇక్కడ కంప్యూటరు నడవకపోతే దాన్ని అక్కడికి తరలించాలని ఆయన ఆలోచన.

నేను అక్కడ ఉండగానే బాలమ్మ చేతికి అంటిన బురదతోనే వచ్చి వాకిట్లో నిలబడింది.

"మేడం, సంచి ఎప్పుడు లేపుతరు? చెప్తె గంతలోపల ఇంకో రెండు సాళ్లు పారించుకుంట."

"లేపను పెద్దమ్మా. నువ్వు నీళ్లు వెట్టుకో."

"ఆఫీసరు వస్తుండంట గద. కంప్యూటర్ డబ్బ ఎత్తుకొని పోతడంట."

"ఎత్తుకపోతె పోనీ. నీ చేను ఎండవెట్టి పాఠం చెప్పమంటవా?"

"నన్ను అందరు తిడ్తరు."

"ఎవరు తిడ్తరు? తిడ్తె నాకాడికి పంపు. పో, నీళ్లు తెగిపోతయి."

 ఆమె వెళ్లగానే టీచరు గారు పిల్లలను పిలిచి సున్నం గీతలు మళ్లీ గీయమన్నారు.

పదకొండు గంటల ప్రాంతంలో జీపు వచ్చింది. విద్యాధికారి మర్యాదస్తులు. పిల్లలు నేల మీద గెంతుతూ తమ పేర్లు రాయడం చూసి సంతోషించారు. కానీ టీచరు గారు కంప్యూటరు మీట నొక్కగానే తెర ఒకసారి వెలిగి ఆరిపోయింది. పైన బల్బులో తీగ మాత్రం ఎర్రగా కనబడుతున్నది.

"మేడం, ఇది నడవకపోతే నేను చూసేదేముంది?" అన్నారు ఆయన.

"నడవదు సార్. ఇయ్యాల మోటర్లు ఆపమని నేను చెప్పలేదు," అని ఆమె ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పారు. ఆయన తల ఊపి, కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టారు.

ఆ సమయంలో నేను బల్బు వైపు చూస్తున్నాను. ఎర్ర తీగ పసుపు రంగుకు తిరిగింది. మరికొంత సేపటికి ఇంకొంచెం వెలుగు వచ్చింది. నాకు అర్థం కాక వరండాలోకి వచ్చాను. దూరంగా చేన్లలో గొట్టాల మూతుల దగ్గర తెల్లగా దూకుతున్న నీళ్లు ఒక్కొక్క చోట ఆగిపోతున్నాయి. చివరికి ఒక్క బాలమ్మ చేనులోనే నీళ్లు పారుతున్నాయి. లోపల బల్బు తెల్లగా వెలుగుతున్నది.

టీచరు గారు మళ్లీ మీట నొక్కారు. తెర నిలబడింది. పాఠం భిన్నాల గురించి. తెర మీద గుండ్రటి నల్లని కేకు నాలుగు ముక్కలైంది. ఆ పిల్లలు కేకును చూసినవారు కారు.

"సార్, గా తెర మీదిది మాడిన జొన్నరొట్టె," అని ఒక పాప అధికారికి వివరించింది. "మూడు ముక్కలు తింటె ఒకటి మిగుల్తది. నాలుగుల ఒకటి."

"మాడిన రొట్టె మూడు ముక్కలు ఎవరు తిన్నరు?" అని ఆయన అడిగారు.

"మా తమ్ముడు తింటడు సార్. వానికేం తెల్వదు."

గదిలో అందరితో పాటు ఆయనా నవ్వారు. నలుగురేసి పిల్లలు వంతులు మార్చుకుంటూ పాఠం పూర్తి చేసే వరకు తెర ఆరలేదు. అప్పటికి ఆంజనేయులు అనే రైతు, భుజాన తువ్వాలతో గుమ్మం దగ్గరికి వచ్చాడు. మోటార్లు ఆపమని ఎవరు చెప్పారని అధికారి అడిగారు.

"ఎవరు చెప్పలె సార్. మీ జీపు చూసినం. సంచి లేవలె. బాలమ్మ మొఖం చూసి టీచరమ్మ ఊకున్నదని ఎర్కైంది. ఆరుగురం మాట్లాడుకొని మావి బంద్ వెట్టినం. ఆమెదొక్కటి నడిస్తె ఈ డబ్బకేం గాదు."

"మరి మీ చేన్లు?"

"మొన్ననే తడిసినయి. ఒక్క పూటకు ఏం గాదు. పాఠం అయిపోయిందంటె చెప్పుండ్రి సార్, మోటర్లు వేసుకుంటం, కరెంటు పోతది మళ్ల."

అధికారి లేచి, కంప్యూటరు మీద కప్పే గుడ్డను తానే తీసి టీచరు గారి చేతికి ఇచ్చారు. "దుమ్ము పడకుండా మంచిగ కప్పుండ్రి. వచ్చే ఏడాది మళ్ల వచ్చి చూస్త," అన్నారు. కంప్యూటరు అక్కడే ఉంటుందని ఆ మాటతో అందరికీ తెలిసిపోయింది. ఆంజనేయులు అప్పటికే చేను వైపు పరుగెత్తుతున్నాడు.

మధ్యాహ్నం పిల్లలతో పాటు అన్నం, పప్పు తిని, బిజినేపల్లి మీదుగా సాయంత్రానికి నాగర్‌కర్నూల్ చేరాను. అక్కడ అవే సీడీలు ఎక్కడ దొరుకుతాయో కనుక్కుని, మరునాడు వనపర్తి మీదుగా ఇల్లు చేరాను.

తిరుగు ప్రయాణమంతా నేను ఆ ఆరుగురు రైతుల గురించే ఆలోచించాను. వారిలో ఒక్కరు కూడా కీబోర్డు ముట్టినవారు కారు. అయినా ఆ తరగతి నడవడానికి ఏమి కావాలో వారికి తెలుసు, బాలమ్మకు ఏమి కావాలో కూడా తెలుసు. ఆ రెండూ ఒకే పూట జరిగేలా చూశారు. చదువు విలువ తెలిసినవాణ్ణని నేను ఇన్నాళ్లు చెప్పుకుంటూ వచ్చాను. ఆ విలువను ఒక ఊరు ఇంత నెమ్మదిగా, ఇంత మామూలుగా మోయగలదని మాత్రం అక్కడే చూశాను.

ఇలాంటి బడి చూడబోయేవారు ఒక్క జాగ్రత్త తీసుకోవాలి. బయలుదేరే ముందు ఆ వారం కరెంటు ఏ వేళకు ఇస్తున్నారో వనపర్తి ఆటోవాళ్లకు కబురు చేసి తెలుసుకుని, ఆ వేళను బట్టి బస్సు ఎంచుకోండి.

చివరిగా, ఇది చదివినవారు దీనికి నకలు ఒకటి తీసి ముందుగా తమ ఊరి ట్రాన్స్‌ఫార్మర్ కింద మోటార్లున్న రైతులకు ఇవ్వండి. చదవడం రానివారికి కూర్చోబెట్టి చదివి వినిపించండి. వారు విన్న తరువాత బడి కమిటీకి ఇవ్వండి. అధికారులకు అందరికన్నా చివర ఇచ్చినా పరవాలేదు.