పిన్ని షెడ్డులో రెండు సిలిండర్లు

అతన్ని స్పానర్ అనే పిలుస్తారు. పెళ్లికి వెళ్లినా ప్యాంటు వెనక జేబులో స్పానర్ ఉండాల్సిందే కాబట్టి, చిన్నప్పుడెవరో సరదాకి పెట్టిన ఆ పేరు అలాగే అతుక్కుపోయింది. వీధి మలుపులో పంపులు, మోటార్లు బాగుచేసే కొట్టు అతనిది. హస్తవాసి మంచిదని పేరు. అతను చూసి పెదవి విరిచాడంటే ఆ యంత్రం పని అయిపోయినట్టే. రెండో మనిషికి చూపించేవాళ్లు కాదు.

ఆ స్పానర్‌కి ఒక పిచ్చి ఉండేది. తాతలనాటి బొమ్మల్లో కనిపించే మోటారుసైకిలు ఒకటి తన చేతులతో తయారుచేయాలి. సన్నటి గొట్టాల చట్రం తనే వంచి అతికించాడు. స్ప్రింగుల సీటు కుట్టించాడు. పొడుగాటి ట్యాంకు రేకు కొట్టి చేశాడు. చట్రం నడుమ మాత్రం ఖాళీ అలాగే ఉండిపోయింది. అక్కడ వి ఆకారంలో విచ్చుకున్న రెండు సిలిండర్ల ఇంజనే రావాలని పట్టు. అక్క మొగుడికి లేత్ పని. చట్రం చూడ్డానికి వచ్చినప్పుడల్లా ఆటపట్టించేవాడు. ఒంటి సిలిండరు ఇంజను తగిలించు, బండి పరిగెత్తదా అని.

"పరుగు కాదు బావా, చప్పుడు. రెండు దెబ్బలు దగ్గర దగ్గరగా, కాస్త ఆగి మళ్లీ రెండు. దాని గొంతే వేరు" అనేవాడు స్పానర్.

"అయితే బండెందుకురా? ఇంజనొకటి తెచ్చి గదిలో పెట్టుకుని వింటూ కూర్చో" అనేవాడు బావ.

ఇంజను వెతుకులాట మొదలైంది. అట్టముక్కలు కత్తిరించి, ఇంజను ఆకారంలో అతికించి, చట్రంలో పెట్టి చూసుకునేవాడు. పాత సామాన్ల దుకాణంలో ఒక పెద్ద బండి ఇంజను కనబడింది కానీ, దాని వెనక సిలిండరు సీటు గొట్టానికి గుద్దుకుంటుందని అట్టబొమ్మ ముందే చెప్పేసింది. కొత్తది తెప్పించే తాహతు లేదు. చట్రం మీద దుమ్ము పేరుకోవడం మొదలైంది.

అలాంటి రోజుల్లో పిన్ని కబురు పెట్టింది. ఆవిడది వీధులు అయిపోయేచోట కోడిపిల్లల్ని పొదిగించే షెడ్డు. కరెంటు పోతే పెట్టెల్లోని గుడ్లు చల్లబడకుండా ఒక పాత జనరేటరు పెట్టుకుంది. అది స్టార్టవడం లేదట. స్పానర్ వెళ్లి కార్బురేటరు విప్పాడు. పెట్రోలు చిమ్మే సన్నటి జెట్‌లో మట్టి. ఊది, తుడిచి బిగిస్తే తీరిపోయే పని. అయినా ఎందుకో, పైనున్న రేకు మూత కూడా తీశాడు.

లోపల రెండు సిలిండర్లు, వి ఆకారంలో, వేడి చల్లార్చే చక్కటి రెక్కలతో. జానతో కొలిచాడు. మళ్లీ కొలిచాడు. తన చట్రం కోసమే పోతపోసినట్టుంది.

పిన్ని వెనక నిలబడి ఉంది. "పోయిందా చిన్నోడా?"

అతను పోయిందనలేదు. పోలేదనీ అనలేదు. వేస్టు గుడ్డతో వేళ్లు ఒక్కొక్కటీ తుడుచుకుంటూ, నాలుక చప్పరించి ఊరుకున్నాడు. పిన్నికి ఆ చప్పరింపు చాలింది. నువ్వే పెదవి విరిచాక ఇంకెవరికి చూపిస్తాను, ఏ స్పేరు సామానుకైనా పనికొస్తుంది పట్టుకుపొమ్మంది. కరెంటు పుట్టించే డైనమో మాత్రం బరువని షెడ్డులోనే వదిలి, ఇంజను రిక్షా ఎక్కించాడు. ఎక్కించేటప్పుడు పిన్ని కూడా ఓ చెయ్యి వేసింది.

లేత్ దగ్గరికి చేరాక బావ దాన్ని తిప్పి తిప్పి చూశాడు. "క్రాంకు అద్దంలా ఉందిరా. ఇది పోయిందన్న మహానుభావుడెవరు?"

"ఎవడో మెకానిక్కులే" అన్నాడు స్పానర్.

"వాడి కొట్టెక్కడో చెప్పు. అటు తొంగిచూడకుండా జాగ్రత్తపడతాను."

బావ నవ్వాడు. స్పానర్ కూడా నవ్వాడు. ఆ నవ్వు తన ముఖం మీద ఎంతసేపుండాలో తెలియక, టీ తెస్తానని బయటికొచ్చేశాడు. గొలుసు చక్రం పట్టాలంటే షాఫ్టు కోయాలనీ, కోస్తే ఇక మళ్లీ జనరేటరుకు అతకదనీ బావ ముందే హెచ్చరించాడు. కోసెయ్యమన్నాడు స్పానర్. వేగాన్ని అదుపులో ఉంచే గవర్నరు తీసి మూల పడేశాడు. రెక్కలు కనబడాలని, గాలి ఆడించే రేకు మూత కూడా తీసేశాడు.

ఆ వారమే భార్య అన్నం వడ్డిస్తూ, పిన్ని దగ్గర ఒక విడత గుడ్లు పాడైపోయాయట అని చెప్పింది. చాలాసేపు కరెంటు లేదట. పెట్టెల మీద రగ్గులు కప్పి, వేడినీళ్ల సీసాలు సర్దుతూ కూర్చుందట ఆవిడ. పదో వంతు కూడా పిల్లలు కాలేదట. పాపం, పాతదే అయినా ఆ జనరేటరు ఉన్నన్నాళ్లూ ధైర్యంగా ఉండేది కదా అంది. స్పానర్ కంచం పక్కకు జరిపాడు. కూర కారంగా ఉందన్నాడు. ఆవిడ రుచి చూసి, ఉప్పే సరిపోలేదు, కారమెక్కడిది అని విసుక్కుంది.

బండి తయారైంది. కొట్టు ముందు మొదటిసారి స్టార్టు చేసిన రోజున వీధిలో సగంమంది చేరారు. రెండు దెబ్బలు, కాస్త ఆగి మళ్లీ రెండు. బావ ఈల వేశాడు. సరిగ్గా అప్పుడే కోడిపిల్లల బుట్ట చంకన పెట్టుకుని బజారుకు పోతున్న పిన్ని ఆగిపోయింది. ఆవిడ ఇంజను వైపు చూడలేదు. కళ్లు మూసుకుని వింది.

"ఇది మన షెడ్డు చప్పుడే కదూ?" అంది. ముఖమంతా వెలిగిపోయింది. "బతికించావా! ఎంత తంటాలు పడ్డావో పాపం."

బావ ఈల ఆగింది. అతను స్పానర్ వైపు చూశాడు. ఆ మెకానిక్కు కొట్టెక్కడో ఇప్పుడు తెలిసిపోయింది. అవును పిన్నీ, చాలా కష్టపడ్డానంటే చాలు. ఆవిడే దారి వేసిపెట్టింది. స్పానర్ ఇంజను ఆపాడు. అంత నిశ్శబ్దంలో బుట్టలోని పిల్లల కిచకిచలు వినబడ్డాయి.

"అది పోలేదు పిన్నీ. జెట్‌లో మట్టి, అంతే. ఆ రోజే తెలుసు నాకు."

పిన్ని బుట్టను ఒక చంక నుంచి రెండో చంకకి మార్చుకుంది.

"నువ్వు చూశావు కదా అని ఇంకెవర్నీ పిలవలేదురా" అంది. అంతే అని, బజారు వైపు నడిచిపోయింది. చుట్టూ ఉన్నవాళ్లు కూడా ఏదో పని గుర్తొచ్చినట్టు ఒక్కొక్కరే జారుకున్నారు. తల కొట్టేసినట్టయింది స్పానర్‌కి.

మర్నాడు బండిని నడపకుండా, తోసుకుంటూ షెడ్డుకు తీసుకెళ్లాడు. స్టాండు మీద ఎత్తి, వెనక టైరు ఊడదీసి, ఉత్త చక్రం మీదుగా డైనమోకి బెల్టు వేశాడు. నిలబడిన చోట ఇంజను కాగిపోతుంది కాబట్టి రేకు మూత మళ్లీ బిగించాడు. ముచ్చటపడిన ఆ రెక్కలు దాని కింద దాక్కున్నాయి. గవర్నరు బిగించే పళ్లు షాఫ్టుతో పాటే కోతలో పోయాయి. వేగాన్ని చేత్తోనే పట్టాలి.

మధ్యాహ్నం కరెంటు పోయింది. స్పానర్ బండి స్టార్టు చేసి, పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని, బల్బు వెలుతురు చూసుకుంటూ థ్రాటిల్ పట్టుకున్నాడు. పిన్ని పెట్టెల మధ్య తిరుగుతోంది. పొద్దుటి నుంచీ అతనితో మాట కలపలేదు.

"బల్బు ఎర్రబడుతోంది. కొంచెం పెంచు" అంది ఒకసారి, అటు తిరిగే.

పెంచాడు. ముంజేయి తిమ్మిరెక్కింది. చెయ్యి మార్చుకుంటే వెలుతురు తడబడుతుందని మార్చుకోలేదు. ఎండ గుమ్మం దాటి గోడెక్కాక కరెంటు వచ్చింది. హమ్మయ్య అనుకుని స్పానర్ థ్రాటిల్ వదలబోయాడు.

"ఉండు. మళ్లీ పోతుందేమో" అంది పిన్ని.

అతను చెయ్యి అక్కడే ఉంచాడు.