హజరత్తయ్య చేసిన పరామర్శ ఫోను

పొద్దున పదకొండు దాటింది. సముద్రం వైపు గాలి ఆగిపోయి పడమటి నుంచి వడగాలి మొదలైంది. తెల్లారకముందు రొయ్యల గుంటలకు మేత చల్లినప్పటి నుంచి నా కడుపులో టీ నీళ్లు తప్ప ఏమీ లేవు. గుంటల దారిలో ఉన్న బంకులో ఇడ్లీలు అయిపోయాయి. బన్ను కొరుకుతుంటే జడ్సన్ వచ్చి పక్కన కూర్చున్నాడు.

జడ్సన్ వినీల తమ్ముడు. వినీల భర్త దావీదు మాతోపాటే పనిచేసేవాడు. గుంటలో నీళ్లు తిప్పే ఏరియేటరు వైరు తెగి ఉన్న సంగతి తెలియక దిగి, కరెంటు కొట్టి చచ్చిపోయాడు. గుంటల యజమాని నరేంద్రబాబు మాత్రం వైరు బాగానే ఉందని, దావీదే తాగి దిగాడని అందరికీ చెబుతున్నాడు.

"క్రీస్తురాజన్నా, ఇది ఇను," అని జడ్సన్ ఫోను నా చెవికి ఆనించాడు.

హజరత్తయ్య గొంతు. "వినీలా, నేనమ్మా. ఇంటికి రాలేకపోయినా తల్లీ. ఆ పక్క పోతే పనిలో ఉండొద్దన్నాడు బాబు. దావీదు తాగలేదమ్మా. నా పక్కన కూర్చోని సద్దన్నం తిని పోయినాడు. వైరు తెగిందని నేను ముందు దినమే బాబుకు చెప్పినా. రేపు చూద్దాంలే అన్నాడు."

"ఇంక బాబు యాడికి పోతాడన్నా?" అన్నాడు జడ్సన్.

"ఇది నీకెట్టా దొరికింది? హజరత్తయ్యకు తెలుసా?"

"తెలీదు. బాబు మనుషులు బావ చావుకు ఎంతిస్తామో ఫోన్లో దినానికో మాట చెప్పి మళ్లా మేం అన్లేదంటా ఉంటే, అక్క ఫోన్‌కు వచ్చే కాల్సన్నీ రికార్డయ్యేట్టు పెట్టినా. దాంట్లో ఇదీ పడింది. అక్కకు గూడా తెలీదు."

ఫోను ఇంకా పలుకుతూనే ఉంది. ఆపమనేలోపే మిగతాదీ వినేశాను.

"ఏడవొద్దు తల్లీ. మా నవీదు కాలు జారి పోలేదు. పెన్నలో దిగేముందు నాకు ఫోన్ చేసినాడు. పోతా ఉండా నాయనా, అమ్మకు చెప్పొద్దన్నాడు. జైతూన్‌కు ఈ పొద్దుటికీ తెలీదు. ఇంత లోపల పెట్టుకోని నేను బతకలేదా? నువ్వూ బతకతావు."

బన్ను చేతిలోనే ఉండిపోయింది.

హజరత్తయ్యది కోవూరు. వాళ్ల నాయన కాలం నుంచి దూది ఏకి పరుపులు కుట్టేవాళ్లు. ఊరూరా తిరిగి, ఏ ఇంటి అరుగు మీదైనా కూర్చుని, ఆ ఇంటివాళ్లతో మాట్లాడుతూ పని చేసుకొనేవాడు. స్పాంజి పరుపులు వచ్చాక ఆ పని పోయింది. కొడుకు నవీదు పెన్నలో కాలు జారి పడి పోయాడని చెప్పేవాడు. ఆ తర్వాత కోవూరులో ఉండలేక, భార్య జైతూన్‌బీని వెంటబెట్టుకొని జువ్వలదిన్నె దగ్గర మా గుంటలకొచ్చాడు. గుంటల పక్కన రేకుల గదుల్లో నాదొకటి, పక్కది వాళ్లది. ఎవరికి జ్వరమొచ్చినా, ఎవరింట చావు జరిగినా ముందు ఫోన్ చేసేది ఆయనే. ఫోన్ తీశాడంటే అవతలి ఇంట్లో మేకల బాగోగులు కూడా అడిగితేగానీ పెట్టడు.

"అన్నా, నీ ఫోన్ చార్జింగంతా బాగుండారా అనేదానికే సరిపోద్ది," అని మేం ఎగతాళి చేసేవాళ్లం.

"మనిషిని పలకరించేదానికి గాకపోతే ఈ డబ్బా నాకెందుకురా?" అనేవాడు.

ఆ సాయంత్రం గట్టు మీద ఆయనకు విషయం చెప్పాను. మేత బకెట్టు కింద పెట్టి కూర్చుండిపోయాడు.

"వైరు సంగతి పోనీ రాజూ. మా పిల్లోడి మాట గూడా ఉందా దాంట్లో?"

"ఉందన్నా."

"జైతూన్ ఇంటే ఎట్టారా? వాడు పొయ్యేముందు నాతో మాట్లాడినాడని తెలిస్తే ఆమె తట్టుకోలేదు."

మర్నాడు జడ్సన్‌ను తీసుకొని ముగ్గురం కావలిలో వినీల కేసు చూస్తున్న వకీలు దగ్గరికి పోయాం. వకీలు మొత్తం విన్నాడు.

"నీ ఫోన్‌కు వచ్చిన కాల్ నువ్వు రికార్డు చేసుకోవడం నేరమని ఒక్క మాటలో చెప్పలేం. తప్పే లేదనీ చెప్పలేం. అవతలి మనిషికి తెలియకుండా చేసినవాటిని కొన్ని కేసుల్లో కోర్టు తీసుకుంది, కొన్నిట్లో పక్కన పెట్టింది. ఇద్దరు మాట్లాడుకుంటుంటే మూడోవాడు దొంగతనంగా వినడమైతే అది మరీ తప్పు. ఇదిగో, ఈ ఫోన్ అక్కది గదా? అక్కకే తెలీదంటున్నావు. అవతలి వకీలు ముందు పట్టుకొనేది అదే," అన్నాడు జడ్సన్‌తో.

హజరత్తయ్య చేతులు కట్టుకొని అడిగాడు. "సార్, కోర్టుకు ఇస్తే ఇవ్వండి. మా బిడ్డ ముక్క మటుకు కోసెయ్యండి."

"కోస్తే చెల్లదు పెద్దాయనా. అతికించి తెచ్చారంటారు. ఇస్తే మొత్తం ఇవ్వాలి."

"నేనే వచ్చి నోటితో చెప్తే?"

"అప్పుడు దీని అవసరమే పడకపోవచ్చు. నువ్వే సాక్షివి."

"చెప్తా సార్. పని పోతే పోనీ. వైరు గురించి చెప్పినానని బాబు ముందరే చెప్తా."

సాక్ష్యం చెప్పడానికి ఏ రోజు రావాలో వకీలు చెప్పాడు. తర్వాత జడ్సన్ వైపు తిరిగాడు. "నువ్వు దీన్ని ఎవరికీ పంపొద్దు. కోర్టుకు ఇవ్వడం వేరు, ఊరికి వినిపించడం వేరు. పంపితే ఈయన నీ మీదే కేసు పెట్టొచ్చు."

జడ్సన్ తల దించుకున్నాడు. "మా పిన్నమ్మ కొడుకుల గ్రూపులో పెట్టినా సార్. దావీదు బావ తాగలేదని అందరికీ తెలియాలని పెట్టినా. పొద్దున డిలీట్ చేసినా."

వకీలు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో జడ్సన్ ఏడ్చాడు. హజరత్తయ్య వాడి భుజం మీద చెయ్యేశాడు. "అక్క కోసం చేసినావు అబ్బయ్యా. నన్ను ఒక్క మాట అడిగుంటే, రికార్డు పెట్టుకోమని ఆ వైరు సంగతి మళ్లా చెప్పుందును గదా. ఇది పరామర్శరా. ఏడ్చే మనిషికి చెప్పుకొనేది."

అప్పటికే అది గ్రూపు దాటిపోయింది. జైతూన్‌బీ రొయ్యలు ఒలిచే షెడ్డులో పనిచేస్తుంది. పక్కన కూర్చునే ఆమె, "మీ ఆయన మాట్లాడింది యిన్యావా వదినా, బాబును భలే ఇరికించినాడు," అని నవ్వుతూ ఫోన్ పెట్టి వినిపించిందట. వినిపించినామెకూ చివర్లో ఏముందో తెలియదు.

జైతూన్‌బీ చేతులు కూడా కడుక్కోకుండా ఇంటికొచ్చింది. రేకు గోడ ఇవతల నాకన్నీ వినబడ్డాయి.

"ఏమయ్యా, నవీదు నీకు ఫోన్ చేసినాడా?"

ఆయన గిన్నె కింద పెట్టిన చప్పుడైంది.

"గొంతెట్టా ఉంది? ఏడస్తా ఉన్నాడా?"

"జైతూన్..."

"నాకు చెప్పొద్దన్నాడని ఊరంతటికీ తెలుసు. నాకే తెలీదు."

"నీ కోసమే చెప్పలేదే."

"ఇన్నేళ్లూ కాలు ఎట్టా జారిందని నిన్నడగతానే ఉంటిని గదయ్యా. రాయి నున్నగా ఉందంటివి."

తెల్లారి ఆమె సంచి పట్టుకొని నాయుడుపేటలో చెల్లెలి ఇంటికి పోయింది. ఆయన బస్సు దాకా వెనకాలే నడిచాడు. ఆమె తిరిగి చూడలేదు.

తర్వాత హజరత్తయ్య మేత చల్లాడు, ట్రేలు కడిగాడు, ఎవరితోనూ మాట్లాడలేదు. బంకులో ఆయన వస్తే నవ్వులు ఆగేవి. ఫోన్ మోగితే తీసి చూసి పక్కన పెట్టేసేవాడు. నరేంద్రబాబు ఒకసారి జీపు ఆపి, "ఏం హజరత్తా, నాతో మాట్లాడేది గూడా రికార్డు చేస్తా ఉండావా?" అన్నాడు. ఆయన బకెట్టెత్తుకొని పక్క గట్టు మీదికి పోయాడు.

వకీలు చెప్పిన రోజు వచ్చింది. వినీల, జడ్సన్ నేరుగా కావలి పోయారు. ఆయన్ను తీసుకుపోదామని నేను గది తలుపు తట్టాను. దగ్గరికి వేసిన తలుపు తెరుచుకుంది. చాప చుట్టి గోడకు ఆనించి ఉంది, ఆయన బట్టలు లేవు. పొయ్యి చల్లగా ఉంది. గుంటల దగ్గరికి పోతే ఆ పూట మేత చల్లేసి ఉంది.

కాసేపటికి నరేంద్రబాబు వచ్చాడు. "నీకేమైనా చెప్పి పోయినాడా?"

"లేదు బాబూ."

పది గంటలకు వినీల ఫోన్ చేసింది. వకీలు గది బయట నిలబడి మాట్లాడుతోంది. "అన్నా, హజరత్తన్న ఇంకా రాలేదు. సార్ అడగతా ఉండాడు. నీకేమైనా చెప్పినాడా?"

"నాక్కూడా ఏమీ చెప్పలేదమ్మా," అన్నాను.