రబ్బరు చేతి బీపీ

మా కోడలు పొద్దున ఆసుపత్రిలో నర్సు, మధ్యాహ్నం నర్సింగ్ కాలేజీలో టీచరు. చెప్పులు రెండు జతలున్నాయి గానీ ప్రాణం ఒకటే. కుడిచేత్తో ముద్ద కలుపుతూ ఎడమచేత్తో పరీక్ష పేపర్లు తిప్పుతుంది. ఒకరోజు పరధ్యానంలో నా పళ్లెం అంచున ఎర్ర పెన్నుతో టిక్కు పెట్టింది. చదువు ఐదో తరగతి దాటని నాకు అదే పెద్ద మార్కు. పళ్లెం కడగనివ్వలేదు.

ఈ పరుగులు చూసి కాలేజీ ప్రిన్సిపాలమ్మకు విసుగొచ్చింది. "వార్డో, క్లాసో తేల్చుకో. సోమవారం కాగితం మీద రాసివ్వు" అన్నది. కోడలికి రెండు రోజులు తిండి సయించలేదు.

"మీరే చెప్పండత్తయ్యా, ఏది వదలను?"

"నన్ను వదులు. ఇద్దరికీ హాయి."

నవ్వబోయి ముక్కు చీదుకుంది.

సోమవారం కోడలి ప్రాక్టికల్ క్లాసు చూడటానికి ప్రిన్సిపాలమ్మ స్వయంగా వస్తానన్నదట. కోడలు పొద్దున్నే నా బీపీ చూసి, బిళ్ల మింగించి, మధ్యాహ్నం నన్ను వెంటేసుకు వెళ్లింది.

"నేనెందుకే అక్కడ?"

"పడుకుంటే చాలు. నోరు మాత్రం విప్పకండి."

రెండోది జరిగే పని కాదని ఆమెకూ తెలుసు.

క్లాసు గదిలో నన్నొక మంచం మీద పడుకోబెట్టారు. పక్క మంచం మీద రబ్బరు బొమ్మ. ఏడాదిగా ఆ పిల్లలు బొమ్మ చెయ్యి మీదే బీపీ చూడటం నేర్చుకున్నారట. అందులో మర ఎప్పుడో బిగుసుకుపోయి, ఎవరు చూసినా నూట ఇరవైకి ఎనభయ్యే వస్తుందట.

ఒక్కో పిల్లా వచ్చింది. చేతులు కడుక్కుంది, నా జబ్బకు పట్టీ చుట్టింది, గాలి కొట్టింది, తలూపింది, రాసుకుంది. నలుగురూ నూట ఇరవైకి ఎనభయ్యే రాశారు. ఒకతె చెవుల్లో పెట్టుకోవాల్సిన గొట్టాలు మెడలోనే వేలాడుతుండగా రాసేసింది.

ప్రిన్సిపాలమ్మ మురిసిపోయింది. "ఎంత బాగా నేర్చుకున్నారో చూడు. ఈ పాఠానికి వార్డెందుకు?"

కోడలు నా వంక చూసింది. ఇక నన్నెవరాపుతారు?

"ఏమ్మా, ఇన్నేళ్లుగా బీపీ బిళ్లలు మింగుతున్నది నేనా, మీ రబ్బరక్కా?"

ప్రిన్సిపాలమ్మ గొట్టాలు లాక్కుని తానే చూసింది. నమ్మలేక మళ్లీ చూసింది. నూట డెబ్బై ఆరు.

"నీకు ముందే తెలుసా?" అని కోడల్ని అడిగింది.

"తెలుసు మేడమ్. నేను బిళ్ల వేస్తాను, ఈవిడ ఉప్పు వేసుకుంటారు. వీళ్లు చెవి పెట్టి వినలేదు, అలవాటైన అంకె రాశారు. వార్డు మానేస్తే ఏడాది తిరిగేసరికి నేనూ అంతే."

ప్రిన్సిపాలమ్మ కళ్లద్దాలు తుడుచుకుంది. తుడిచినవే మళ్లీ తుడిచింది.

"కాగితం అక్కర్లేదులే. పొద్దున వార్డుకు నువ్వొక్కదానివే పోకు, వీళ్లనూ తీసుకుపో."

కోడలు ఆ మాటకు పొంగిపోలేదు. పిల్లలవైపు తిరిగి, "మళ్లీ మొదటినుంచి. వినపడిందే రాయండి" అన్నది.

మళ్లీ నలుగురూ నా చెయ్యి పట్టారు. చివరి పిల్ల భయంభయంగా చెప్పింది.

"మేడమ్, నాకు నూట ఎనభై నాలుగొస్తోంది."

"సరిగ్గానే విన్నావులే తల్లీ," అన్నాను. "ఇంతమంది పిసికాక పెరగకేం చేస్తుంది?"