దోందక్క గీసిన దారి

కొండ మీది కెచిబెలి ఊళ్ళో ఒకప్పుడు నలభై గడపలుండేవి. నేను చెప్పే నాటికి అక్కడ పొగ లేచే పొయ్యి ఒక్కటే మిగిలింది. అది దోందక్కది. తక్కినవాళ్ళంతా ఒక్కొక్కరే సముద్రపు ఒడ్డుకు దిగి, ప్లాస్టిక్ పందిళ్ళ కింద టమాటాలు పండించుకుంటున్నారు. ఆమె భర్త వేసెల్ పోయి ఎనిమిదేళ్ళయింది. పిల్లలు కలగలేదు. మరిది భార్య ఏడాదికోసారి ఫోన్ చేసి, ఇంకా దయ్యాలకే కాపలా కాస్తున్నావా అని అడిగేది. అవి నీకంటే నయం, నోరు జారవు అని దోందక్క ఫోన్ పెట్టేసేది.

వాళ్ళ నాన్నకు ఆమె వరసగా అయిదో ఆడపిల్ల. ఈసారితోనైనా రాత తిరగాలని, ‘తిరిగింది’ అనే అర్థం వచ్చేలా దోందు అని పేరు పెట్టారు. ఆ తర్వాత పుట్టిందీ ఆడపిల్లే.

నా పేరు నెబహత్. కెచిబెలికి ఏడు గంటల నడక దూరంలో, ఇన్‌పినార్‌లో, మా మేడ మీద మూడు గదులు కొండదారిన నడిచేవాళ్ళకు అద్దెకిస్తాను. సముద్రాన్ని ఒక పక్కన ఉంచుకుని, కొండల మీదుగా పాత ఊళ్ళను కలుపుకుంటూ పోయే దారి ఒకటుంది మాకు. రాళ్ళ మీదా, చెట్ల మొదళ్ళ మీదా ఒక తెల్ల గీత, దాని కింద ఒక ఎర్ర గీత ఉంటాయి. వసంతంలోనూ, మళ్ళీ దానిమ్మలు పండేవేళా ఎక్కడెక్కడివాళ్ళో ఆ గీతలు పట్టుకుని నడుస్తారు. ఇరవై ఏళ్ళ పాటు ఆ దారి దోందక్క వాకిట్లోంచే పోయేది.

ఆమె వాకిట్లో నేల మీద పెనం పెట్టుకుని, ఆకుకూరా జున్నూ మడిచి రొట్టెలు కాల్చేది. కింద కూర్చుని ఉండేది కాబట్టి వచ్చేవాళ్ళ బూట్లే ముందు కనిపించేవి. మనుషుల్ని కూడా అలాగే గుర్తుపెట్టుకునేది. ఫలానా ఏడాది పచ్చ తాళ్ళ బూట్లవాడొచ్చాడు, మూడు రొట్టెలు తిన్నాడు అని నాతో చెప్పేది. వాళ్ళు ఎందుకు నడుస్తారో మాత్రం ఆ ఇరవై ఏళ్ళలోనూ ఆమెకు అంతుపట్టలేదు. తప్పిపోయిన మేకా లేదు, పెళ్ళి పిలుపూ లేదు, వీపు మీద అంత బరువేసుకుని కొండలెక్కడమేమిటని ఆశ్చర్యపోయేది. అలాగని రావద్దనుకోలేదు. పొద్దున్నే పిండి కలిపి, దారి వైపు మొహం పెట్టుకుని కూర్చునేది.

నాలుగేళ్ళ కిందట చలికాలంలో పదకొండు రోజులు విడవకుండా వాన పడింది. ఆమె ఇంటికి అవతల, దారి లోయలోకి దిగేచోట, కొండచరియ పైన్ చెట్లతో సహా జారిపోయింది. వానలు వెలిశాక రిఫ్కీ మాస్టారు రంగు డబ్బాతో వచ్చాడు. బడి నుంచి రిటైరయ్యాక మా వైపు దారి గుర్తులు చూసేది ఆయనే. కెచిబెలికి గంట దూరంలో పాత నీటితొట్టి దగ్గర దారిని చీల్చి, ఎదుటి కొండ శిఖరం మీదుగా తర్వాతి ఊరు తాశొరెన్‌కు మళ్ళించాడు. పాత దారి మీద రాళ్ళకు ఎర్రటి అడ్డగుర్తులు వేశాడు. తర్వాత పైకొచ్చి ఆమె ఇచ్చిన టీ తాగుతూ విషయం చెప్పాడు.

"ఎన్నాళ్ళు మాస్టారూ?" అని అడిగింది.

"ఎన్నాళ్ళని కాదక్కా. ఇకమీదట అంతే. అక్కడ కాలు పెడితే మనిషి దక్కడు."

అర్థమైందన్నట్టు తల ఊపింది. అర్థమయ్యే ఊపింది.

మార్చి వచ్చింది. చేతులకు అలవాటై రోజూ పిండి కలిపేది. ఎవరూ రాక, సాయంత్రం ఆ రొట్టెలు మేకలకు పెట్టేది. నిశ్శబ్దం ఆమెకు కొత్త కాదు. చలికాలమంతా ఉండేదే. కానీ ఇది వసంతం. మధ్యాహ్నం వేళ ఎదుటి శిఖరం మీద మనుషులు కనిపించేవారు. చిక్కుడు గింజలంత, రంగురంగుల సంచులతో, వరసగా. గాలి ఇటు తిరిగితే నవ్వులు కూడా వినిపించేవి. ఒకరోజు ఆమె తలగుడ్డ విప్పి ఊపింది. అవతల ఎవరూ తల తిప్పలేదు. ఇంకోరోజు మిద్దె ఎక్కి ఊపింది.

ఏప్రిల్‌లో ఒక పొద్దున ఒక డబ్బాలో గోడలకు వేసే సున్నం, ఇంకో డబ్బాలో మేకల వీపున గుర్తు పెట్టే ఎర్ర రంగు తీసుకుని నీటితొట్టి దగ్గరికి దిగింది. అడ్డగుర్తులున్న రాళ్ళను బోర్లించింది. అక్కడి నుంచి తన వాకిలి దాకా పందొమ్మిది చోట్ల గీతలు గీసింది. ఇరవై ఏళ్ళుగా చూసినవే కాబట్టి గీతలు చక్కగానే వచ్చాయి. కొత్త దారి మొదట్లో ఉన్న మాస్టారి గుర్తుకు అడ్డంగా ఒక ముళ్ళకొమ్మ లాగింది.

మూడో రోజు ఇద్దరు వచ్చారు. ఆమె రొట్టెలు పెట్టింది, టీ పోసింది, మళ్ళీ పోసింది. ఇక లేస్తారనగా, దారి ఇక్కడితో ఆగిపోయిందని చేతులతో సైగ చేసి చెప్పింది. తనే ముందు నడిచి, మేకల బాటన శిఖరం కిందిదాకా తీసుకెళ్ళి, పైనున్న దారి చూపించింది. ఆ అరగంటా మాట్లాడుతూనే ఉంది. వాళ్ళకు మా భాష ఒక్క ముక్క రాదు. అయినా వేసెల్ గురించి, చచ్చిపోయిన కంచరగాడిద గురించి, మోకాలి నొప్పి గురించి అన్నీ చెప్పింది. వాళ్ళు దండం పెట్టి వెళ్ళారు.

అలా అయిదు వారాలు గడిచాయి. ఎవరికీ గంట ఆలస్యం తప్ప నష్టమేమీ జరగలేదు. తను చేస్తున్నది తప్పని ఆమెకు అనిపించడం మానేసింది.

మే నెల మధ్యలో నిల్గున్ వచ్చింది. అంకారాలో మందుల కొట్టు నడిపి మానేసిన మనిషి. యాభై ఎనిమిదేళ్ళు. ఒంటరిగా నడుస్తోంది. మా భాష మాట్లాడే మనిషి, అందులో ఆడమనిషి, తొందర లేని మనిషి. నేల మీద దోందక్క పక్కనే చతికిలబడి, పిండి ముద్దలు చేసిచ్చింది. రొట్టె ఇంత పలచగా ఎలా వస్తుందక్కా, నాకు నేర్పు అంది. ఆ మధ్యాహ్నం రెండు గంటల్లో ఒకరి సంగతులు ఒకరు చాలానే చెప్పుకున్నారు. దారి లేదన్న మాట దోందక్క నాలుక చివరికి రెండుసార్లు వచ్చింది. చెబితే ఈవిడ లేస్తుంది. ఇంకో గ్లాసు టీ అయ్యాక చెబుదామనుకుంది.

ఈలోగా మబ్బు కమ్మింది. పొదల్లో మేకపిల్ల ఒకటి అరుస్తుంటే, కూర్చో, ఇప్పుడే వస్తానని దోందక్క వెళ్ళింది. పిల్ల కాలు తీగల్లో ఇరుక్కుంది. విడిపించి వచ్చేసరికి పావుగంట పైనే పట్టింది. వాకిట్లో నిల్గున్ లేదు. గ్లాసు కడిగి బోర్లించి ఉంది. వాన వచ్చేలా ఉందని బయలుదేరింది కాబోలు. ఇంటి అవతల, ఎప్పటివో వెలిసిపోయిన పాత గీతలు ఇంకా ఉన్నాయి. వాటిని పట్టుకుని పోయింది.

దోందక్క పిలుచుకుంటూ పరుగెత్తింది. అరవై దాటిన మనిషి, రబ్బరు చెప్పులు. చరియ అంచుకు చేరేసరికి కింద నుంచి ఈల వినిపించింది. పది బారల లోతున, పడిపోయిన పైన్ చెట్టు కొమ్మల్లో నిల్గున్ చిక్కుకుని ఉంది. మణికట్టు విరిగింది, మడమ వాచింది. దోందక్క ఇంటికెళ్ళి అడవి కాపలావాళ్ళకు ఫోన్ చేసి, మేకల తాళ్ళు తెచ్చి ముడేసి, చెట్టుకు కట్టి, పట్టుకుని దిగింది. వాళ్ళు వచ్చేదాకా నిల్గున్ తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వాళ్ళు రావడానికి పట్టిన రెండు గంటల్లోనూ గీతల మాట చెప్పలేదు.

కాపలావాళ్ళు నిల్గున్‌ను జీపులో పట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళి, కట్టు వేయించి, ఆమె ముందే గది చెప్పుకున్న మా ఇంట్లో దించారు. ఎవరో పోకిరీలు పాత దారికి రంగులేశారట, దొరికితే వదలకూడదు అని వాళ్ళు దోందక్క ముందే అనుకున్నారట. ఆమె మీదికి ఎవరి అనుమానమూ పోలేదు. పైగా ప్రాణం కాపాడావమ్మా అన్నారు.

మర్నాడంతా ఆమె ఏమీ తినలేదు. ఆ మర్నాడు తెల్లవారగానే మేకలకు నీళ్ళు పెట్టి, గుడ్డలో రొట్టె మూట కట్టుకుని, మా ఊరికి బయలుదేరింది. అన్నేళ్ళు నడిచేవాళ్ళను చూసిందే గానీ ఆ దారిన తను నడవడం అదే మొదలు. శిఖరం మీద నుంచి తన ఇల్లు చూసుకుంది. ఇంత చిన్నదా అనుకుందట. తన మిద్దె మీద నుంచి తలగుడ్డ ఊపితే ఇక్కడెవరికీ కనిపించదని అప్పుడు తెలిసింది. తాశొరెన్‌లో పాత రాతి సమాధుల మధ్య గోధుమ చేను పండి ఉంది. ఒక సమాధి మూత కింద కోడి పొదుగుతోంది. శిథిలమైపోయిన పాత చర్చిలో ఎండ పడుతున్నచోట కూర్చుని సగం రొట్టె తింది. దాని తర్వాతి ఊరు బెలొరెన్‌లో అరుగు మీద టీ తాగుతున్న మగవాళ్ళు ఆమెను చూసి మాటలు ఆపేశారు. ఒక ముసలాయన బస్సు తప్పిపోయిందా అని అడిగాడు.

"లేదు. నడుస్తున్నాను."

"ఎక్కడికమ్మా?"

"ఇన్‌పినార్‌కి."

"అక్కడెవరైనా పోయారా?"

"ఎవరూ పోలేదు" అని, ఆగకుండా వచ్చేసింది. చావు లేకుండా మా ఆడవాళ్ళు అంత దూరం నడవరు.

ఆమె మా వాకిట్లోకి వచ్చేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. నిల్గున్ పన్నెండింటికే వెళ్ళిపోయింది. చెల్లెలు కారేసుకుని వచ్చి తీసుకెళ్ళింది. ఆ మాట చెప్పగానే దోందక్క మెట్టు మీద కూలబడింది. టీ ఇస్తే పట్టుకుంది గానీ తాగలేదు. అది చల్లారిపోయాక మొత్తం చెప్పింది, సున్నం డబ్బా దగ్గర్నుంచి.

నేను విన్నాను. ఎవరికీ తెలియదు కదక్కా, గీతలు చెరిపేసి ఊరుకో అన్నాను. అలా అన్నందుకు ఇప్పటికీ సిగ్గే. ఆమె నా మొహంలోకి చూసి, నిల్గున్‌కు ఫోన్ చేసిపెట్టమంది. ఆమెకు ఒక చెవి సరిగా వినిపించదు కాబట్టి గట్టిగా వినిపించేలా పెట్టాను.

"నేను దోందుని. కెచిబెలి నుంచి."

"అక్కా! చెయ్యి నయమే. నువ్వు దిగి రాకపోతే ఏమయ్యేదాన్నో."

"ఆ గీతలు నేనే గీశాను."

"ఏ గీతలు?"

"నువ్వు పట్టుకొచ్చినవి. దారి అటు లేదు. మనుషులు వస్తారని గీశాను."

అవతల కారు అద్దం ఎత్తిన చప్పుడు వినిపించింది.

"చరియ జారిందని మీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"రెండు గంటలు మీ పక్కనే కూర్చున్నాను కదా. ఒక్క మాట చెప్పలేకపోయారా?"

"చెబితే లేచిపోతావని."

"చెయ్యి నొప్పిగా ఉంది. ఉంటానండీ" అని నిల్గున్ పెట్టేసింది. అక్కా అన్న పిలుపు మధ్యలోనే ఎక్కడో జారిపోయింది. దోందక్క ఫోను నా చేతికిచ్చి, బాగా చదువుకున్న మనిషి, తిట్టను కూడా తిట్టలేదు అంది.

ఆ రాత్రి మా ఇంట్లో పడుకుంది. పొద్దున్నే రిఫ్కీ మాస్టారింటికి తనే వెళ్ళి చెప్పింది. ఆయన లోపలికెళ్ళి ఇనుప బ్రష్ తెచ్చి ఆమె చేతిలో పెట్టాడట. నీటితొట్టి దాకా ఆయన ముందూ ఆమె వెనకా నడిచారు. పందొమ్మిది చోట్లా ఆమే గీకింది. సున్నం సులువుగానే పోయింది, మేకల రంగు పోలేదు. ఆ రాళ్ళు ఇప్పటికీ లేత ఎరుపుగా ఉంటాయి. పని అయ్యాక ఆమె టీ పెడతానంటే మాస్టారు వద్దని చెప్పి దిగిపోయాడు. అడవి కాపలావాళ్ళకు మాత్రం ఆయన ఎవరి పేరూ చెప్పలేదు.

నిల్గున్ మళ్ళీ ఫోన్ చేయలేదు. నేను రెండుసార్లు చేశాను. ఆరోగ్యం గురించి మర్యాదగా మాట్లాడింది. కెచిబెలి మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ఆ వేసవి నుంచి దోందక్క పదిహేను రోజులకోసారి నడిచి వస్తుంది. పనేమీ ఉండదు. ఎందుకొచ్చావని నేను అడగను. ఒకసారి తనే, కాళ్ళు ఊరికే ఉండటం లేదు నెబహత్, అంది. బెలొరెన్ అరుగు మీది ముసలాయన ఇప్పుడు ఆమెకు కుర్చీ వేయిస్తాడట. దారిలో ఎదురొచ్చేవాళ్ళు చెయ్యి ఊపుతారట. ఎవరూ ఆగరు. వాళ్ళకు సాయంత్రంలోగా చేరాల్సిన ఊళ్ళుంటాయి.

పోయిన నవంబరులో చలికాలం నా దగ్గరే ఉండిపొమ్మన్నాను. మూడు గదులూ ఖాళీయే, నాకూ మాట్లాడే దిక్కు ఉండదు అన్నాను. మేకలున్నాయి కదా అంది. ఉన్నవి రెండే, వాటినీ తోలుకొచ్చెయ్ అంటే నవ్వింది. పొద్దున్నే లేచి, పక్క మడత పెట్టి, నేను కట్టిచ్చిన జున్ను ముక్క సంచిలో వేసుకుని బయలుదేరింది. నేను వీధి చివరిదాకా వెళ్ళాను. చిన్న తుంపర పడుతోంది. ఆమె ఆలివ్ తోటల పక్కగా ఎక్కుతూ పోయింది, వెనక్కి చూడలేదు. ఆ తర్వాత వానలు పట్టుకున్నాయి. మార్చి దాకా ఆ దారిన ఎవరూ దిగి రాలేదు, దోందక్క కూడా.